ఆదరువే అన్నమైన వేళ

మా అమ్మకు ఎనభైరెండేళ్ళు. పుట్టినదీ, పెరిగినదీ, కాపురం చేసినదీ కోనసీమలో. నాకు ఉద్యోగం దొరికినది మాత్రం నల్లమల అంచున ఉన్న ఒక చిన్న పట్టణపు కళాశాలలో. నాన్నగారు పోయిన తరువాత ఆమె నా దగ్గరకు వచ్చింది. వచ్చిన మరునాడే వంటింటిని తన ఏలుబడిలోకి తీసికొన్నది. 2024 ఆషాఢంలో ఒక రాత్రి, అన్నం వడ్డించబోతున్న ఆమె చేతికి నా అరచెయ్యి అడ్డం పెట్టి, "ఈ పూటనుంచి నాకు అన్నం వద్దమ్మా" అన్నాను. హస్తం పట్టుకొన్న ఆ చెయ్యి అట్లాగే గాలిలో నిలిచిపోయింది. కొంతసేపటికి, "సీతమ్మగారి సీమలో పుట్టి అన్నం వద్దంటావుటే?" అన్నది.

డొక్కా సీతమ్మగారిని గూర్చి చదువరులకు వేరే చెప్పనక్కరలేదు. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో, వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతం పొయ్యి రాజేసి వండి వడ్డించిన ఆ ఇల్లాలు 1909లో కన్ను మూసినా, మావైపు ఆమె పేరు ఇప్పటికీ అన్నదానానికి పర్యాయపదంగానే వాడుకలో ఉన్నది. అటువంటి సీమలో అన్నం వద్దనటం ఆకలి లేదనటం వంటిది కాదు, అలగటం వంటిది. అమ్మ అట్లాగే అర్థం చేసికొన్నది. "ఎవరైనా ఏమైనా అన్నారా తల్లీ?" అని అడిగింది.

అన్నది మనుషులు కారు, రక్తపరీక్ష. మూడు నెలల సగటు చక్కెరను చూపించే అంకె నాకు 9.1 వచ్చింది. అది ఏడు లోపల ఉంటే బాగుంటుందని వైద్యుడు చెప్పాడు. ఆ కాగితం చూడగానే నాకు నాన్నగారి దుప్పటి జ్ఞాపకం వచ్చింది. ఆయన ముప్పైనాలుగేళ్ళు బడిపంతులుగా పనిచేశారు. చక్కెరజబ్బు మొదట ఆయన కాలి బొటనవేలిని, తరువాత పాదాన్ని, చివరకు ఆయననే తీసికొనిపోయింది. ఆఖరి సంవత్సరం పాత శిష్యులెవరైనా చూడటానికి వస్తే, మాట మొదలు పెట్టకముందే దుప్పటిని కాళ్ళమీదికి లాగుకొనేవారు. అంతవరకు ఆయన రెండుపూటలా అన్నమే తిన్నారు. తినవద్దని గట్టిగా చెప్పినవారు లేరు. చెప్పినా వినేవారు కారేమో.

అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు నాకొక మార్గం చెప్పాడు. దాని పేరు 'పేలియో'. పాతరాతియుగపు మనిషి ఏమి తిన్నాడో అదే తినాలని దాని సూత్రం. మాంసం, చేప, గుడ్డు, కూర, ఆకు, దుంప, పండు, బాదం వంటి పప్పులు, తేనె ఉండవచ్చు. సేద్యం మొదలైన తరువాత వచ్చిన ధాన్యం, పప్పుదినుసులు, పాలు, పంచదార, బెల్లం ఉండరాదు. చెప్పటానికి నాలుగు మాటలే కాని, తెలుగువాడి భోజనాన్ని దీనితో సరిచూస్తే కంచంలో మిగిలేది కరివేపాకు.

ఈ భావం మరీ పాతదేమీ కాదు. 1975లో వాల్టర్ వోగ్ట్లిన్ అనే అమెరికా వైద్యుడు రాతియుగపు ఆహారం పేర ఒక పుస్తకం ప్రకటించాడు. దానినెవరూ అంతగా పట్టించుకోలేదు. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్యపత్రికలో ఒక వ్యాసం వ్రాసిన తరువాతనే విద్వాంసుల దృష్టి ఇటు మళ్ళింది. మన శరీరం లక్షల ఏండ్ల వేట బ్రతుకులో తయారైనదనీ, సేద్యం వచ్చి పదివేల ఏండ్లే అయినదనీ, ఈ రెండింటికీ పొసగకపోవటమే మన జబ్బులలో కొన్నింటికి మూలమనీ వారి వాదం. 2002లో లోరెన్ కోర్డేన్ వ్రాసిన పుస్తకంతో అది ఇంటింటి మాట అయింది. స్వీడనులోని లుండ్ విశ్వవిద్యాలయంవారు 2009లో పదముగ్గురు చక్కెరరోగులకు మూడు నెలలు ఈ ఆహారం, మూడు నెలలు మామూలు పథ్యం పెట్టి చూస్తే, ఈ ఆహారంలోనే రక్తంలో చక్కెర ఎక్కువగా తగ్గింది. పదముగ్గురంటే మా తరగతిలో ఒక వరుస. అంతమాత్రాన లోకానికంతటికీ శాసనం చేయరాదు. కాని నాకు శాసనం అక్కరలేదు, ఆశ చాలు.

మొదటి పదిహేను రోజులలోనే ఒక పాఠం నేర్చుకొన్నాను. తరగతిలో ఆముక్తమాల్యద చెపుతున్నాను. విష్ణుచిత్తుడు వానకాలంలో అతిథులకు పెట్టే భోజనం వచ్చే ఘట్టం. సన్నబియ్యపు అన్నం, పొట్టు ఒలిచిన పప్పు, నాలుగైదు వేపుడు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి అని వివరిస్తుండగా నుదుట చెమట పట్టింది. చేతిలోని పుస్తకం వణకింది. రాయలవారి వంట వాసనకు కాదు. అన్నం మానివేసి, అన్నం తినేనాటి మాత్రలనే అదే మోతాదులో మింగుతున్నాను. అందువలన రక్తంలో చక్కెర ఉండవలసినంత కూడ లేకుండా పడిపోయింది. వెనుక వరుసలోని ఒక అమ్మాయి పరుగున వచ్చి నా నోటిలో పల్లీపట్టీ ముక్క పెట్టింది. వేరుసెనగ పప్పుజాతి, బెల్లం సేద్యపు సరుకు. రెండు విధాల నిషిద్ధమైన ఆ పదార్థమే నన్ను నిలబెట్టింది. ఆ సాయంకాలం వైద్యుడు చేసిన చీవాట్లు ఇక్కడ వ్రాయను. మాత్రలు మింగేవారు వైద్యునికి చెప్పకుండ అన్నం మానరాదని మాత్రం వ్రాస్తున్నాను.

మాత్రల మోతాదు తగ్గింది. నాలుగు నెలలు నియమం సాగింది. అంకె 7.2కు దిగింది. ఇక నేను గెలిచాననుకొన్నాను. సరిగ్గా అప్పుడు కార్తికం వచ్చింది.

మా ఇంట కార్తికమాసంలో నీచు ముట్టరు. అప్పటివరకు నా పళ్ళెంలో కడుపు నింపినవి గుడ్డు, చేప. అవి పోగా నేను తిన్నది ఉడికించిన బీరకాయ, పచ్చి కీరదోస, గుప్పెడు బాదంపప్పు. అన్నానికి బదులని కాలీఫ్లవరును బియ్యపుగింజలంత తురిమి, ఆవిరిపెట్టి, కుప్పగా పోసికొనేదాన్ని. అమ్మ ఒక మెతుకు నోట వేసికొని, "ఇది అన్నమా, అన్నం వేషమా?" అన్నది. ఆ ఒక్క మాటతో అది నాకు గొంతు దిగటం మానింది. పది రోజులకు రాత్రిపూట ఒక ముద్ద పెరుగన్నం మొదలైంది. ఒక ముద్ద మూడయింది. నాగులచవితికి చిమ్మిలి, క్షీరాబ్ది ద్వాదశికి పరమాన్నం, 2025 సంక్రాంతికి అరిసెలు, అవి మిగిలినందుకు మరి పది రోజులు అరిసెలు. శివరాత్రి వెళ్ళిన తరువాత పరీక్ష చేయించుకొంటే అంకె 8.6. చదువుకొన్నదానిని, మనోనిగ్రహం లేదని నన్ను నేనే తిట్టుకొన్నాను. ఆ తిట్టు తప్పని తెలియటానికి కొన్నాళ్ళు పట్టింది. నన్ను ఓడించినది జిహ్వ కాదు, ఆకలి. సగం కడుపుతో పట్టిన నియమం ఏదీ పండుగ దాటదు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక మాట. 'అన్నం' అనే సంస్కృత శబ్దానికి మూలం 'అద్' ధాతువు. తినబడినది అన్నం. ఆ మాటలో వరి లేదు, బియ్యం లేదు. తిని బ్రతికేది ఏదైనా అన్నమే. మనం దానిని ఉడికించిన బియ్యానికి కట్టిపెట్టాము. ఇక ఆ బియ్యాన్ని గొంతు దింపటానికి తోడువచ్చే కూర, పులుసు, పచ్చడి మొదలైనవాటిని మన పెద్దలు 'ఆదరువు' అన్నారు. ఆధారమనే అర్థం. పేరుకే ఆధారం, కొలతకు మాత్రం గరిటెడు. వరి మొదలు, కూర తోక. నేను చేసిన తప్పు ఏమంటే, మొదలును తీసివేసి తోకను తోకగానే ఉంచాను. ఖాళీ అయిన చోట కాలీఫ్లవరు వేషాన్ని కూర్చోబెట్టాను. ఆదరువునే అన్నం చేయవలసింది.

ఈ మాట చెప్పినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. మరునాడు సంతనుంచి మనిషి చేత మూడు సేర్ల కంద తెప్పించింది.

కంద మన నేల దుంప. పచ్చిగా ముట్టుకొంటే చేతులు దురదపెడతవి. అందులోని సూదులవంటి సున్నపు స్ఫటికాలు దానికి కారణం. అందుకే అమ్మ చేతులకు నూనె రాచుకొని చెక్కు తీస్తుంది. ముక్కలు చేసి మెత్తగా ఉడికించి, బచ్చలి ఆకు తరిగి అందులో వేసి, చింతపండు గుజ్జు, పసుపు, ఉప్పు చేర్చి దగ్గర పడనిస్తుంది. చింతపండు ఆ దురదకు విరుగుడు. తరువాత తాలింపు. చివరకు కూర చల్లారిన పిమ్మట ఆవాలు, ఎండుమిరపకాయలు కలిపి నూరిన ముద్ద పెట్టి కలుపుతుంది. వేడిమీద పెడితే ఆవ చేదెక్కుతుందని ఆమె తొందరపడదు. ఇదే మా గోదావరివారి కందబచ్చలి. ఎన్నాళ్ళనుంచో అన్నంలో గరిటెడు కలుపుకొని తింటున్నాను కాని, దీనిని పళ్ళెం నిండా పెట్టుకొని, పక్కన వేయించిన కొబ్బరిముక్కలతో, పైన చెంచాడు నేతితో తినవచ్చునని నాకెవరూ చెప్పలేదు. ఆ రాత్రి నాకు మళ్ళీ ఆకలి వేయలేదు. రెండు గంటల తరువాత వేలు గుచ్చి చూసికొంటే చక్కెర 148. అంతే కడుపు నిండే అన్నం తిన్ననాడు అది 230 దాటేది. ఇది నా ఒంటి లెక్క. మరొకరి ఒంటికి మరొక లెక్క ఉండవచ్చు.

తాలింపు దగ్గర మాత్రం తల్లీకూతుళ్ళకు తగవు తప్పలేదు. మినప్పప్పు, సెనగపప్పు లేని తాలింపు ఏమిటని ఆమె. అవి పప్పుదినుసులని నేను. మెంతులు కూడ ఆ కుటుంబపువేనన్నప్పుడు, "అయితే చింతచెట్టు?" అని అడిగింది. వృక్షశాస్త్రం చెప్పే మా మిత్రురాలిని విచారిస్తే, చింత కూడ చిక్కుడు కుటుంబమేనని తేలింది! తినేది గింజ కాదు, గుజ్జు కదా అని చెప్పి బయటపడ్డాను. అంగట్లో దొరికే ఇంగువలో సాధారణంగా గోధుమపిండో బియ్యపుపిండో కలుస్తుందని ఆ వాదంలోనే తెలిసికొన్నాను. చివరకు రాజీ కుదిరింది: ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు, ఎండుమిర్చి. మెంతులు నాలుగు గింజలు ఆమె నాకు తెలియకుండ వేస్తుంది. నేను తెలియనట్లే తింటాను.

ఆ వేసవిలో మా వంటిల్లు తన తోకల నన్నింటినీ మొదళ్ళుగా మార్చుకొన్నది. కొర్రమీను పులుసు ఇదివరకు నాకు రెండు ముక్కలు, నాలుగు చెంచాల రసం. ఇప్పుడు గిన్నెడు, అందులో ములక్కాడ, వంకాయ, బెండకాయ. గోంగూరలో వేటమాంసం ఆదివారానికి. మావైపు మేకమాంసాన్ని వేట అనే అంటారు. వేటాడే శ్రమ లేకపోయినా మాట నిలిచి ఉన్నది. చింతచిగురు వచ్చిన రోజులలో చిన్నరొయ్యలతో. పనసకాయ దొరికితే పొట్టుకూర ఆవ పెట్టి. సొరకాయ కొబ్బరిపాలలో ఉడికించి మిరియం చల్లి. పొద్దున పూట రెండు గుడ్ల అట్టులో గుప్పెడు మునగాకు. కళాశాలకు పట్టుకొనిపోయే డబ్బాలో వేయించిన చామదుంపలు, ఉడికిన గుడ్డు. తోటి అధ్యాపకులు మొదట జాలిపడ్డారు. తరువాత డబ్బా తెరిచే వేళకు నా బల్ల దగ్గరకు రావటం మొదలుపెట్టారు.

దుంపలు తినవచ్చునా అని కొందరు సందేహిస్తారు. నాకు ధైర్యమిచ్చినది కిటావా అనే ద్వీపం. అది పాపువా న్యూగినీ దేశంలోనిది. 1990 ప్రాంతంలో స్టాఫన్ లిండెబర్గ్ అనే స్వీడను వైద్యుడు అక్కడివారిని పరీక్షించాడు. వారి తిండిలో పెద్దభాగం పెండలం, చిలగడదుంప, చామ జాతి దుంపలే. వాటితో కొబ్బరి, పండ్లు, చేప. గుండెపోటు, పక్షవాతం అక్కడ దాదాపు కనిపించలేదని అతడు వ్రాశాడు. కోనసీమలో పుట్టినదానికి ఆ పట్టిక చదువుతుంటే పుట్టింటి ఉత్తరం చదివినట్లున్నది. ఐతే వారు చక్కెరరోగులు కారు, నేను రోగిని. కాబట్టి కంద నిండుగా, చామ మితంగా, చిలగడదుంప ఒక్క ముక్క. ఈ తారతమ్యం నా వేలి రక్తమే నేర్పింది.

మనవారికి ఈ ఆలోచన కొత్తదా అని నాకొక ప్రశ్న పుట్టింది. వానప్రస్థుడు నాగలితో దున్నిన నేలలో పండినదానిని తినరాదని మనుస్మృతి ఆరవ అధ్యాయం విధించింది. దున్నకుండ పండేదానికి సంస్కృతంలో 'అకృష్టపచ్యం' అని ఒక చక్కని మాటే ఉన్నది. ఋషిపంచమి నోము పట్టిన స్త్రీలు దున్నిన పంట తినకపోవటం ఇందులోనిదే. కందమూలఫలాలని మనం నోరూరకుండానే పలికే సమాసంలో ఒక వంటిల్లంతా దాగి ఉన్నది. మరొక విచిత్రం: ఫలహారమని పండ్ల పేరు పెట్టుకొని మనం తినేవి ఇడ్డెనలు, ఉప్పుమా! ఐతే ఆ ఋషులే నివ్వరి గింజలను ఏరుకొని వండుకొన్నారని కావ్యాలు చెపుతున్నవి. నివ్వరి అడవి వరి. అనగా దున్నలేదు కాని ధాన్యం తిన్నారు.

పేలియో వాదానికి చిక్కు వచ్చేది కూడ సరిగ్గా ఇక్కడనే. జోర్డాను దేశపు ఎడారిలో 14,400 సంవత్సరాల నాటి రొట్టె మాడుముక్కలు దొరికినట్లు 2018లో ప్రకటించారు. అది అక్కడ సేద్యం పుట్టటానికి నాలుగువేల ఏండ్ల ముందు మాట. రాతియుగపు మనిషి గింజ దొరికితే వదలిపెట్టలేదన్నమాట. 2013లో మార్లీన్ జుక్ అనే శాస్త్రవేత్త్రి ఒక పుస్తకమే వ్రాసి, ఆనాటి మనిషి ఒకే తిండి తిన్నాడనటం, ఆ తరువాత మన శరీరం మారలేదనటం రెండూ భ్రమలని వాదించింది. నాకు ఆమె వాదమే నిజమనిపిస్తుంది. నిజమైనంత మాత్రాన నా వేలి రక్తంలో అంకె మారదు. కథ తప్పయినా మందు పనిచేయవచ్చు.

మా పట్టణం చుట్టుపక్కల ఈ విషయాన్ని నేలమీదనే చదువుకోవచ్చు. బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1884–85లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ తండ్రీకొడుకులు త్రవ్వించారు. మన దేశపు పాతరాతియుగాన్ని లోకానికి చూపినవాడు ఆ తండ్రే. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో అతనికి మొదటి రాతిపనిముట్టు దొరికింది. ఆ బేతంచర్ల సీమకు దగ్గరనే ఉన్న జ్వాలాపురంలో, సుమత్రా ద్వీపపు టోబా అగ్నిపర్వతం 74,000 ఏండ్ల నాడు చిమ్మిన బూడిదకు క్రిందా పైనా కూడ రాతిపనిముట్లు దొరికినట్లు 2007లో ప్రకటించారు. ఆకాశం బూడిదైనా ఇక్కడి మనిషి ఏదో తిని బ్రతికాడు. సేద్యం మన వైపుకు చాలా తరువాత వచ్చింది. మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరులో ఆల్చిన్ 1957లో త్రవ్వించిన బూడిదదిబ్బ కొత్తరాతియుగపు పసులదొడ్డి. ఆ కాలపు దక్కనువారు నాలుగైదువేల ఏండ్ల నాడు పండించినవి అండుకొర్రలు, ఉలవలు, పెసలు. వరి వారిది కాదు.

ఇక చెంచులు. ఫూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో అమరాబాదు పీఠభూమిమీద వారితో గడిపి 1943లో ప్రకటించిన గ్రంథం మా కళాశాల గ్రంథాలయంలో ఉన్నది. వారిని వేటగాండ్రని లోకం చెప్పుకొంటుంది కాని, ఆయన చూసిన చెంచు బ్రతుకులో విల్లుకంటె దుంపలు త్రవ్వే కర్రకే పని ఎక్కువ. మాంసం అరుదు, అడవి దుంపలు, పండ్లు, ఇప్పపువ్వు, తేనె నిత్యం. పేలియో పేర అమెరికాలో పళ్ళెం నిండా మాంసం పెట్టుకొనేవారు ఈ పుస్తకం చదివితే బాగుండును. అక్కడికీ ఆ చెంచులు దిగువ పల్లెలకు అటవీవస్తువులిచ్చి జొన్నలు తెచ్చుకొనేవారు. ఈనాడు వారి గూడేలలోనూ రేషను బియ్యమే వండుతున్నారు.

బియ్యమంటే మరొక మాట చెప్పకుండ ఉండలేను. పల్నాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుడు మూతి విరిచినట్లు చెప్పే చాటువులను తరగతిలో నవ్వుతూ చదువుకొంటాము. మెట్టసీమలలో మొన్నమొన్నటివరకు జొన్న, సజ్జ, కొర్ర, ఆరికలే కూడు. వరి అన్నం పండుగ. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వటంతో పేదల ఇంట నిత్యం పండుగ అయింది. ఆకలి తీరింది. ఆ మేలును మరచి, కడుపు నిండినవారు బియ్యాన్ని తిట్టటం నాకు నచ్చదు. బడిలో మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు తిని ఎండలో పరుగెత్తే పిల్లవానికి నా నియమంతో పని లేదు. నా శిష్యులలో ఒకడు నన్ను చూసి అన్నం మానబోతే నేనే కేకలు వేశాను. ఇది నా జబ్బుకు నా పథ్యం. ఖర్చు కూడ తక్కువేమీ కాదు. చేప, మాంసం, బాదం రోజూ కొనగలవారు ఎందరు? కందా, కొబ్బరీ, గుడ్డూ మా లెక్కను కొంత కాపాడినవి.

శుద్ధాచారమా అంటే, అదీ లేదు. మిరపకాయ అమెరికా ఖండంనుంచి పోర్చుగీసు ఓడల వెంట వచ్చింది; చిలగడదుంప, జామ, బొప్పాయి, జీడిమామిడి అన్నీ ఆ దారినే వచ్చినవి. మన రాతియుగపు తాత వీటిలో ఒక్కదానిని కూడ ఎరుగడు. ఐనా పేలియోవారు వాటిని తినవచ్చునంటారు, మజ్జిగ మాత్రం వద్దంటారు. మజ్జిగ విషయంలో నేను రాతియుగాన్ని ధిక్కరించాను. పాలు మానినదానికి ఎముకలకు సున్నం ఎక్కడిదని వైద్యుడు కూడ అడిగాడు. రాత్రి ఒక గ్లాసు పలుచని మజ్జిగ, వారానికి నాలుగుసార్లు నువ్వులపొడి. అమ్మకు అది సగం విజయం.

తీపి లేని ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుంది? దానికి కూడ దారి వెదకినది అమ్మే. ఖర్జూరం, నువ్వులు, ఎండుకొబ్బరి కలిపి రోట్లో దంచి ఉసిరికాయంత ఉండలు చేసి, రోజుకు ఒకటి లెక్కపెట్టి ఇస్తుంది. ఆ డబ్బా తాళంచెవి ఆమె బొడ్లోనే. బాగా ముగ్గిన అరటిపండు మెదిపి, రెండు గుడ్లు గిలకొట్టి, పెనంమీద నేతితో పోసిన చిన్న అట్లు మా అక్క మనుమరాలికి నేర్పితే, పెనం ఖాళీ కానివ్వలేదు. బాదంపిండితో నేను చేసిన కేకు మాత్రం ఇటుకగా వచ్చింది. దానిని గూర్చి విస్తరించను. వేసవిలో ముంజలు, వానలలో సీతాఫలం సగం కాయ. తేనె గిరిజన సహకార సంస్థ అంగడిలో దొరుకుతుంది కాని, తేనె కూడ చక్కెరే. రాతియుగపు మనిషి తేనెపట్టుకోసం ఈగలచేత కుట్టించుకొన్నాడు, నేను మూత తీస్తే చాలు. అందువలన నెలకొక సీసా చాలునని కట్టడి.

అంకె ఆషాఢానికి 7.4, కార్తికం ముందు 6.8.

2025 కార్తికం మళ్ళీ వచ్చింది. నాకు లోపల భయం. ఈసారి అమ్మ నెల నాడే పట్టీ వేసికొన్నది. కందబచ్చలి, కంద వేపుడు, పనసపొట్టు, కొబ్బరిపాలలో బీరకాయ, నువ్వులపొడి వేసిన వంకాయ, అరటిదూట ఆవకూర, అరటిపువ్వు కూర. నీచు లేని ముప్పై రోజులు గడిచినవి. ఒక్క రాత్రి కూడ గిన్నె మూత తీసి పెరుగన్నం వెదకలేదు. పక్కన కూర్చొని అమ్మ తన అన్నం తాను తిన్నది. మొదట్లో ఆమె నా ఎదుట తినటానికి సిగ్గుపడేది. ఇప్పుడు ముద్ద కలుపుతూ, "రేపు నీకేం చెయ్యను?" అని అడుగుతున్నది.

నాకు తెలియకుండ ఆమె మరొక పని కూడ చేసింది. భాద్రపదంలో తాటిపండ్ల టెంకలు ఏరించి, పెరటి మూలలో మట్టి ఎత్తుగా పోయించి పాతర వేయించింది. ఎందుకమ్మా అంటే, "ఊరికేనే" అన్నది. మొన్న భోగినాడు మంట చల్లారకముందే నన్ను లేపి పెరట్లోకి తీసికొనిపోయింది. పనివాడు పాతర విప్పాడు. తెల్లని మొనలతో తేగలు, గుత్తులు గుత్తులుగా. టెంకలు పగలగొట్టిస్తే లోపల బుర్రగుంజు. తేగలను కుండలో పేర్చి, భోగిమంట నిప్పులమీదనే కాల్పించింది. అరిసెల పిండి ఆ రోజు మా ఇంట కొట్టలేదు.

కాలిన తేగను నిలువునా చీల్చి, నడుమ ఉన్న మెత్తని మొలకను వేలితో తీసి నాకు అందించింది. మావైపు దానిని చందమామ అంటారు. చిన్నప్పుడు అది నాకూ అక్కకూ మధ్య పోట్లాట. నాన్నగారు ఎప్పుడూ తన తేగలోని చందమామను కూడ మాకే ఇచ్చేవారు.

"తినచ్చుటే ఇది? మీ పుస్తకంలో ఉందా?" అని అడిగింది అమ్మ.

"ఉన్నదమ్మా" అన్నాను. ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు.